నా కాలు ఒక్కటే బాగుంది

సోమవారం

ఎముకల డాక్టర్లందరినీ ఒక గదిలో పెట్టి తాళం వేసి, ఆ తాళంచెవి నా చేతికివ్వాలి.

పొద్దున ప్రాక్టీసులో అక్క గోడ మీంచి దూకింది. కుడికాలు మడత పడింది. చీలమండ బయటివైపు నిమ్మకాయంత ఉబ్బింది. ఫైర్ స్టేషన్ ఉద్యోగానికి ఒంటి పరీక్ష ఈ శనివారం పోయి వచ్చే శనివారం. పరుగెత్తాలి, నిచ్చెన ఎక్కాలి, ఆఖర్న మనిషంత ఇసుక బొమ్మని భుజాన వేసుకుని గీత దాటించాలి. రాతపరీక్ష ఎప్పుడో గట్టెక్కింది. ఇదొక్కటే మిగిలింది. ఇది పోతే మళ్లీ పిలిచేసరికి అక్కకి వయసు దాటిపోతుంది. ఈ ముక్క ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

డాక్టరు ఎక్స్‌రే ఫిల్ముని వెలుతురుకి పట్టి చూశాడు. ఎముక బాగుందట. బెణుకట. కట్టు కట్టుకుని నాలుగు రోజులు కాలు కదపొద్దట, తర్వాత మెల్లగా నడవాలట, ఆ తర్వాత పరిగెత్తొచ్చట. ఇంకో పేషెంటుని పిలవడానికి గంట మీద చెయ్యి కూడా వేసేశాడు. నేను ఊరుకుంటానా? ఎముకని ఎముకతో కట్టి ఉంచే లిగమెంట్ సంగతేంటి, అది ఫిల్ములో కనపడదు కదా అన్నాను. ఆయన నన్ను తల నుంచి కాళ్ల దాకా చూసి, “మీరేం చదివారు?” అన్నాడు.

నేనేం చదవలేదు. చచ్చిన మిషన్లు విప్పి నేర్చుకున్నాను. ఆ ఎక్స్‌రే మిషన్ కిందటేడు మూలిగితే దాని పొట్ట కోసి బాగుచేసింది నేనే. ఆ మాటే అనబోతుంటే అక్క నా జబ్బ మీద గిల్లింది.

బయటికొస్తుంటే కోపంలో ఆఖరి మెట్టు కనపడలేదు. నా ఎడమకాలు కూడా మడత పడింది. టక్కుమని చప్పుడైంది. చెప్పుది. ఏం కాలేదు.

బస్సులో నేను తిడుతూనే ఉన్నాను. అక్క వాచిన కాలు ఎదురు సీటు మీద పెట్టుకుని నవ్వింది. “ఇంట్లో నీ మంటలు ఆర్పీ ఆర్పీనే నాకీ ఉద్యోగం మీద ధైర్యం వచ్చింది” అంది.

మంగళవారం

షాపుకి స్కాన్ మేడమ్ మిషన్ వచ్చింది, ఊళ్లో సొంత క్లినిక్ ఉన్న స్కాన్ డాక్టరుది. మా రిపేరు షాపుకి వచ్చే అల్ట్రాసౌండ్ మిషన్లన్నింటిలో నాకు నచ్చేది ఇదే. ముసలిదే కానీ మాట వింటుంది. కాసేపు నడిచి వేడెక్కి ఆగిపోతోందని కంప్లయింటు. విప్పితే ఫ్యానులో దూది, దుమ్ము, ఒక చచ్చిన సాలీడు. దులిపాను. అయిపోయింది. గురువారం తిరిగి పంపాలి.

అయితే దీనికి తగిలించి వచ్చిన, ఒంటికి ఆనించి చూసే ప్రోబు చూశాక నా బుర్ర పరిగెత్తడం మొదలెట్టింది. ఊళ్లో మిగతా స్కాన్ సెంటర్లలో ఉన్నవన్నీ కడుపు చూసే ప్రోబులు, మూతి వంపుగా అరచేయంత ఉంటుంది. ఇది సబ్బుబిళ్లలా సన్నగా, మూతి తిన్నగా ఉంటుంది. చర్మం కిందే ఉన్న నరాలూ నారలూ చూడ్డానికి. అంటే చీలమండకి.

అంటే ఎముకల డాక్టరు చూడనిది నేను చూడొచ్చు.

ఎడమ చెప్పు బిగుతైంది. నిన్న వానకి తడిసి కుంచించుకుపోయినట్టుంది. నిన్న వాన పడిందా? పడే ఉంటుంది.

బుధవారం

ఓనరుగారు భోజనానికి వెళ్లగానే అక్కని షాపుకి రప్పించాను. బెంచి ఖాళీ చేసి ఎక్కించాను.

ఎక్కడ చూడాలో మిషన్‌తో పాటొచ్చిన పుస్తకంలో బొమ్మ ఉంది. బయటివైపు ఎముక కొస నుంచి పాదం ముందుకి అడ్డంగా కట్టిన చిన్న పట్టీ ఆ లిగమెంట్. కాలు మడత పడితే ముందు దెబ్బ తినేది అదే. బాగుంటే తెల్లగా, చారలు చారలుగా, కొత్త తాడులా కనపడుతుందనీ, తెగితే ఆ చోటు నల్లబడుతుందనీ రాసుంది. ఇంత తేలికైన దానికి వీళ్లు ఏళ్ల తరబడి చదువుతారు.

జెల్ పూసి, ప్రోబు ఆనించి, తెర చూశాను. నలుపు. బావిలోకి తొంగిచూసినట్టు నలుపు.

భయమేసింది. తర్వాత గర్వంగా కూడా అనిపించింది. ఇది నా డైరీయే కాబట్టి రాస్తున్నాను.

“తెగిపోయిందక్కా” అన్నాను.

అక్క మెడ చాచి తెర చూసింది. తర్వాత, రెండో కాలు కూడా చూడమంది. బాగున్న కాలు పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది కదా అని. మంచి ఆలోచనే. ఎడమకాలికి పెట్టాను.

అదీ నలుపే.

“రెండూ తెగాయి” అన్నాను.

“ఎడమకాలు నొప్పి లేదే?”

“నొప్పి తెలీనంతగా తెగింది.”

అక్క నా వంక చూసిన చూపు నాకు నచ్చలేదు. తువ్వాలు తీసుకుని జెల్ తుడుచుకుని, గోడ పట్టుకుని తనే దిగింది.

గురువారం

నేనేం తప్పు చేయలేదు. వరసగా రాసుకుంటే ఆ సంగతి తెలుస్తుంది.

అక్క మొండిది. తెగిన కాళ్లతో నిచ్చెనెక్కుతుంది. ఎక్కితే పడుతుంది. కాబట్టి ట్రైనింగ్ గ్రౌండ్‌లో పరీక్ష పెట్టే ఇన్‌స్ట్రక్టర్‌కి ఫోన్ చేశాను. మా అక్కకి రెండు కాళ్లూ తెగిపోయాయి, పరీక్ష ఇంకో నెల వెనక్కి జరపండి అన్నాను. మీరు డాక్టరా అని అడిగాడు ఆయన. డాక్టర్ల మిషన్లకి డాక్టర్ని అన్నాను.

ఆయన గొంతు మంచిదే. నిదానంగా చెప్పాడు. పరీక్ష ఎవరి కోసమూ జరగదట. ఈ మాట చెవిన పడ్డాక ఆవిడని నిచ్చెన ఎక్కనివ్వడం కుదరదట. కాళ్లు బాగున్నాయని స్కాన్ డాక్టరు సంతకంతో కాగితం తెస్తే సరేసరి, లేకపోతే వచ్చే శనివారం రానక్కర్లేదట.

నేను అడిగిందేంటి, ఆయన చెప్పిందేంటి?

అక్కకి చెప్పాను. నీ మంచికే కదా అన్నాను. అక్క కట్టు విప్పి మళ్లీ కట్టుకుంటోంది. తలెత్తలేదు.

“నిన్నెవరు చెప్పమన్నారు?” అంది. అంతే. అరిచుంటే బాగుండేది. అరుపుకి ఎదురు అరవగలను.

శుక్రవారం

అక్క నాతో మాట్లాడటం లేదు. ఉప్పు అందుకోమని అమ్మతో చెప్పించింది. ఉప్పు నా ముందే ఉంది.

మిషన్ ఇంకా పంపలేదు. ఇంకొంచెం పరీక్షించాలని ఓనరుగారికి చెప్పాను.

శనివారం

ఈ ఊరికేదో వచ్చింది.

ఒక్క మనిషి కాళ్లే చూసి చెప్పానన్న మాట రాకూడదని ఇంకొందరివి చూశాను. ఓనరుగారు ముందు కుదరదన్నాడు, తర్వాత కుర్చీలోనే నిద్రపోయాడు. చూశాను. నలుపు. టీ ఆయన కెటిల్ పక్కన పెట్టి, చక్కిలిగిలి అంటూనే రెండు కాళ్లూ ఇచ్చాడు. రెండూ నలుపే. అయ్యా, మీకు లిగమెంట్లు తెగిపోయాయి, కూర్చోండి అన్నాను. ఆయన సరేనమ్మా అని, కెటిల్ ఎత్తుకుని, షాపు ముందున్న కాలువ ఒక్క గెంతులో దాటి ఎదురు షాపుకి వెళ్లిపోయాడు.

ఆ గెంతు నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

మధ్యాహ్నం అమ్మ వచ్చింది. రోజంతా కుట్టుమిషన్ తొక్కే కాళ్లు. అవి తెగాయంటే అమ్మ ఊరుకోదు, అయినా చెప్పాను. అమ్మ నా వంక జాలిగా చూసి, “పొద్దున్నుంచీ ఏమన్నా తిన్నావా?” అంది.

ఇంట్లో డాబా మీద ఒకటే దబదబ చప్పుడు. పావురాలు. ఈ ఊళ్లో పావురాలు కూడా ఒళ్లు పెంచాయి.

ఆదివారం

తెలిసిపోయింది. తప్పు మిషన్‌ది.

ఇంతమంది కాళ్లు ఒకేసారి తెగవు. కాబట్టి ప్రోబు లోపల ఎక్కడో దెబ్బతింది. ఫ్యాను దులుపుతున్నప్పుడు నా చేతే ఏమన్నా జరిగిందా అంటే, నా చేత ఏమీ జరగదు. ఇది ముందు నుంచీ ఉన్న జబ్బే. స్కాన్ మేడమ్ గమనించి ఉండదు.

షాపుకి సెలవు. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. వెనక మూత తీశాను, బోర్డులు తీశాను, ప్రోబు వైరు ఊడదీసి ఒక్కో పోగూ లాగి చూశాను. పైకి చూస్తే ఏ వైరైనా నిండు ముత్తైదువలా బాగానే ఉంటుంది. లాగితేనే లోపల తెగిందో లేదో తెలిసేది. బెంచి ఎదురుగా గోడ మీద నేనే సుద్దతో రాసుకున్నాను, ‘లాగి చూడందే వైరు బాగుందనకు’ అని. ఎవరూ నేర్పలేదు. షాక్ కొట్టి నేర్చుకున్నాను.

అన్ని వైర్లూ గట్టిగా ఉన్నాయి. అయినా విప్పుతూనే ఉన్నాను. విప్పుతుంటే మనసు కుదుటపడుతుంది. ఇప్పుడు బెంచి మీద మిషన్ లేదు. మిషన్ ముక్కలున్నాయి.

స్టూలు మీద కాలు పెట్టుకుని పనిచేశాను. నొప్పి అని కాదు. అలా బాగుంటుంది.

సోమవారం

స్కాన్ మేడమ్ ఫోన్ చేసింది. తిట్టలేదు. మిషన్ ఎప్పుడొస్తుందో తెలిస్తే పేషెంట్లకి చెప్పుకుంటాను అంది. తిట్టని వాళ్లంటే నాకు భయం.

అదే వేళకి అమ్మా అక్కా ఊళ్లో స్కాన్ సెంటర్లన్నీ తిరుగుతున్నారు. ఇన్‌స్ట్రక్టర్ అడిగిన కాగితం కోసం. అన్నీ కడుపు చూసేవే. ఒకచోట కాలు చూడమంటే, ఎన్నో నెల అని అడిగారట. పెద్దాసుపత్రిలో చూస్తారు కానీ వాళ్లిచ్చిన రోజు శనివారం దాటాకే ఉంది. అందరూ ఒకటే మాట చెప్పారట. చీలమండ చూడాలంటే స్కాన్ మేడమ్ దగ్గరికెళ్లండి, ఆవిడ దగ్గర ఆ ప్రోబుంది అని.

ఆ ప్రోబు నా ముందు ట్రేలో ఉంది. దాని వైరు ఇంకో ట్రేలో ఉంది.

ఓనరుగారు ముక్కలన్నీ ఒకసారి చూసి, “ఫ్యాను దులిపితే నడిచిన మిషన్ని ఎందుకు విప్పావమ్మాయ్?” అన్నాడు. మిషన్‌లో లోపముంది, అందరి కాళ్లూ నల్లగా చూపిస్తోంది అన్నాను. ఆయన ఏలకులు నములుతూ, “ఆడలేక మద్దెల ఓడందట” అన్నాడు. స్క్రూడ్రైవరు విసిరాను. గోనెసంచుల మీదకే విసిరాను.

సాయంత్రం అక్క వచ్చింది. కట్టు కట్టుకుని, తిన్నగా నడుచుకుంటూ వచ్చింది. నడవొద్దన్నాను కదా అనబోయి ఊరుకున్నాను. ట్రేలన్నీ చూసింది.

“ఇదేనా?”

“ఇదే.”

“నన్ను ఆపిందీ నువ్వే. దీన్ని విప్పిందీ నువ్వే.” స్టూలు జరుపుకుని కూర్చుంది. “బిగించేది కూడా నువ్వే అయితే మనం ఇంకెవర్నీ తిట్టుకోనక్కర్లేదు. శనివారం దాటితే నా కోసం ఆ నిచ్చెన ఎవరూ పట్టుకోరే.”

 నేను చెయ్యి చాపితే స్క్రూ పెట్టింది. నా చేతికి ఏ స్క్రూ కావాలో చూసి ఇవ్వడం అక్కకి చిన్నప్పటి నుంచీ వచ్చు.

మంగళవారం

బాగైంది. బాగైంది. బాగైంది.

పొద్దున్నే ఆఖరి మూత బిగించాను. స్క్రూలు ఏవీ మిగల్లేదు, ఒక్కటి తప్ప. అది ఈ మిషన్‌ది కాదని నా నమ్మకం. షాపులో ఎవరూ లేరు. పరీక్షించడానికి కాలు కావాలి. నేల మీద కూర్చుని, ఎడమకాలు మడిచి, మణికట్టు తిప్పి నా చీలమండకే పెట్టుకున్నాను.

తెలుపు. ఈ చివర నుంచి ఆ చివర దాకా, చారలు చారలుగా, పుస్తకంలో బొమ్మ లేచొచ్చినట్టు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. మిషన్‌లో లోపముందని చెప్పాను కదా. ఏ వైరు బిగించడం వల్ల బాగైందో తెలీదు. బాగైంది, అంతే. ప్రోబు నొక్కినప్పుడు కొంచెం నొప్పి అనిపించింది. ప్రోబు మూతి గట్టిది.

ఇంట్లో నా కాలు ఒక్కటే బాగుందని రూఢి అయింది. మిగతావాళ్లవి బాగైన మిషన్‌తో మళ్లీ చూడాలి.

ఇంటికెళ్లి అక్కని షాపుకి రమ్మన్నాను. రెండు కాళ్లూ మంచం మీదకి లాగేసుకుంది. రేపు మేడమ్ చూస్తుంది, నీ చేతికి మాత్రం ఇవ్వను అంది.

బుధవారం

ఈ రోజు పొడుగ్గా రాయాలి. రాయకపోతే కడుపు ఉబ్బిపోతుంది.

మిషన్‌ని నేనూ ఓనరుగారూ క్లినిక్‌కి చేర్చాం. అక్క వెనకాలే వచ్చింది. స్కాన్ మేడమ్ పొట్టిగా ఉంటుంది. నుదుటి మీద ఒక జత కళ్లద్దాలు, కళ్లకి ఇంకో జత. స్కాన్ గదిలోకి చెప్పులు బయటే విడిచి రావాలి. విడిచి వచ్చాం.

ఇన్‌స్ట్రక్టర్ కాగితం అడిగాడని అక్క చెప్పింది. ఎందుకు అడిగాడో చెప్పలేదు. దానికి నేను జన్మంతా అక్క బట్టలుతకాలి.

మేడమ్ అక్క కుడికాలు వంచి, జెల్ పూసి, ప్రోబు ఆనించింది. తెర మీద నలుపు.

“చూశారా!” అన్నాను.

మేడమ్ తెర వైపే చూస్తూ ప్రోబుని కొద్దిగా వాల్చింది. పిసరంతే. అగ్గిపుల్ల మందం కూడా కాదు. ఆ నలుపులోంచి తెల్లటి చారలు ఒక్కొక్కటే వెలిగాయి. తాడు మొత్తం వచ్చింది. మళ్లీ వెనక్కి వాల్చింది. తాడు మాయం. మళ్లీ ముందుకి. తాడు.

నేను తెరకి ఒకడుగు దగ్గరికి జరిగాను.

అప్పుడు అడిగింది, ఇంతకు ముందు ఎవరన్నా చూశారా అని. అక్క విప్పిన కట్టు చుట్ట చుట్టుకుంటోంది. ఓనరుగారు దగ్గాడు. నేనే అన్నాను, నేను చూశానని. మేడమ్ ప్రోబు నా చేతికిచ్చి, ఎలా చూశావో చూపించమంది. పెట్టాను. నలుపు. ఆవిడ తన రెండు వేళ్లతో నా మణికట్టు పట్టుకుని అంత వాల్చింది. తెలుపు.

“గోడకి బంతి నేరుగా కొడితే నీ చేతికొస్తుంది. వాటంగా కొడితే పక్కింట్లో పడుతుంది. బంతి రాలేదు కాబట్టి అక్కడ గోడే లేదంటావా?”

శబ్దం కూడా అంతేనట. లిగమెంట్‌కి నేరుగా తగిలితేనే వెనక్కొస్తుంది. వాలుగా తగిలితే ఎటో పోతుంది, తెర నల్లబడుతుంది. కొత్తగా ప్రోబు పట్టిన ప్రతివాళ్లూ నాలుగు కాళ్లు తెగ్గొట్టాకే నేర్చుకుంటారట. నాలుగేంటి? అక్కవి, ఓనరుగారివి, టీ ఆయనవి, అమ్మవి అన్నీ ఆ ఒక్క నిమిషంలో అతుక్కుపోయాయి. నేను ఆదివారమంతా విప్పింది నా మణికట్టులో ఉన్న వంకరని. నా కాలికి పెట్టుకున్నప్పుడు మణికట్టు తిప్పక తప్పలేదు, అందుకే అదొక్కటే తెల్లగా వచ్చింది.

తర్వాత మేడమ్ అక్క మడమ పట్టుకుని ముందుకి లాగి, తెర చూసింది. కదిలించి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుందట. పట్టీ బిగుసుకుంది, ఆగింది. పైన కొన్ని పోగులు వాచి బూడిదరంగులో ఉన్నాయి, నాలుగు చిట్లాయి, మిగతావన్నీ గట్టిగా పట్టుకున్నాయి. ఎడమకాలు నిక్షేపంలా ఉంది. బెణుకు, మానుతోంది, బిగుతుగా పట్టీ చుట్టుకుని పరిగెత్తొచ్చు అని కాగితం మీద రాసి సంతకం పెట్టింది.

ఎముకల డాక్టరు చెప్పింది కూడా ఇదే. అక్షరం పొల్లుపోకుండా ఇదే. నాకు ఆయన మీద ఇంకా కోపం పెరిగింది.

“మిషన్‌కి ఏమైంది ఇంతకీ?” అంది మేడమ్.

“ఫ్యాను” అన్నాను.

“దానికి ఇన్ని రోజులా?”

ఓనరుగారు పైకప్పు చూశాడు. నేనూ చూశాను. పైకప్పుకి ఏమీ కాలేదు.

అక్కడితో బయటపడితే సరిపోయేది. తలుపు దగ్గరికి వెళ్లేలోపే మేడమ్ పిలిచింది.

“కాలెందుకు ఈడుస్తున్నావ్?”

“చెప్పు బిగుతైంది.”

“చెప్పులు బయట విడిచావు కదమ్మా.”

అక్క నా కాలి వైపు చూసింది. ఇన్ని రోజుల్లో ఎవరూ చూడలేదు. నేనూ చూసుకోలేదు. బయటివైపు మడమ దాకా దిగిన పసుపుపచ్చ మచ్చ. పడుకోమన్నారు. నాదేం కాలేదు, నిన్ననే చూసుకున్నాను, తెల్లగా ఉంది అన్నాను. మేడమ్ ప్రోబు పెట్టింది. తెల్లగానే ఉంది. చూశారా అన్నాను, ఈసారి నిజంగా.

“లాగి చూసుకున్నావా?”

ఒక చేత్తో ప్రోబు పట్టుకుని ఇంకో చేత్తో నా మడమ నేనే ఎలా లాక్కోను? పైగా తెల్లగా కనపడింది కదా.

“నువ్వు లాగమ్మా” అంది అక్కతో.

అక్క నా మడమ పట్టుకుంది. ఎంత ఇష్టంగా పట్టుకుందో. లాగింది. తెర మీద నా తెల్లటి తాడు మధ్యలో విచ్చుకుంది. లోపల నలుపు తొంగిచూసింది. వదిలితే మూసుకుపోయింది, ఏమీ ఎరగనట్టు. మళ్లీ లాగితే మళ్లీ విచ్చుకుంది.

“ఇంకోసారి చూద్దామా మేడమ్?” అంది అక్క.

మేడమ్ ఇది నిజమైన చీలికే, చాలావరకు తెగింది అంది. మడత పడినప్పుడు టక్కుమని వినపడిందా అని అడిగింది. చెప్పుది అన్నాను. గదిలో ఎవరూ నవ్వలేదు. అంటే అందరూ నవ్వాపుకున్నారు.

వైరైతే లాగి చూస్తాను. గోడ మీద రాసి మరీ లాగుతాను.

విప్పకుండా బాగవుతుందా అని అడిగాను. కదపకుండా ఉంచితే దానంతటదే అతుక్కుంటుందట. “నీకు అదే కష్టం” అంది. మోకాలి కింది వరకు ప్లాస్టిక్ బూటు తొడిగింది. కాలు కింద మోపొద్దంది.

గురువారం

బూటు. అమ్మ నన్ను చూసి, అక్క రెండు కాళ్ల చీలికలూ నీ ఒక్క కాలికే వచ్చాయన్నమాట అంది.

అక్క కాగితం ఇచ్చి వచ్చింది. శనివారం రమ్మన్నారు.

శుక్రవారం

డాబా మీద పావురాలు కావు. నీళ్లు నింపిన డబ్బాలు భుజాన వేసుకుని అక్క. డాక్టరు చెప్పినట్టే, నాలుగు రోజులు ఆగి, మెల్లగా మొదలెట్టిందట. నేను తన కాళ్లకి నోటికొచ్చిన జబ్బులన్నీ అంటగడుతున్నప్పుడే.

శనివారం

గ్రౌండ్‌కి నేనూ వెళ్లాను. అమ్మ వద్దంది. చంకకర్రల మీద ఎగురుకుంటూ వెళ్లాను. కంచె బయట ఒక సిమెంటు దిమ్మ మీద కూర్చున్నాను.

గొంతుకి తగ్గ మనిషి కాదు ఇన్‌స్ట్రక్టర్. బక్కగా ఉన్నాడు. అందర్నీ వరసలో నిలబెట్టి, “రెండు కాళ్లూ తెగినావిడ ఎవరు?” అన్నాడు. అక్క చెయ్యెత్తింది. అందరూ నవ్వారు. నేను బూటు వైపు చూసుకున్నాను.

పరుగులో అక్క మొదటిది కాదు, ఆఖరిదీ కాదు. గడువులో వచ్చింది. నిచ్చెన మీద మాత్రం అందరికంటే నిదానంగా ఎక్కింది. ఒక్కో మెట్టు మీద కాలు ఆనించి, నమ్మకం కుదిరాక బరువు వేసింది. ఒక్కో మెట్టూ నేను కింద నుంచి లెక్కపెట్టాను.

ఇక మిగిలింది ఇసుక బొమ్మ. అక్కకి ముందున్న అబ్బాయి దాన్ని భుజాన వేసుకుని గీత దాటాడో లేదో, బొమ్మ చంక కింద కుట్టు ఊడిపోయింది. ఇసుకంతా జలజలా కారిపోయింది. బొమ్మ ఖాళీ చొక్కాలా చతికిలపడింది. ఇంకో బొమ్మ లేదు.

నాకు మండింది. ఇంతమంది భవిష్యత్తు మోసే బొమ్మకి పొద్దున్నే ఒకసారి కుట్టు లాగి చూసుకోవద్దా అని కంచె పట్టుకుని అరిచాను. లాగి చూడందే ఎలా బాగుందనుకున్నారు అన్నాను. ఇంకా చాలా అన్నాను.

ఇన్‌స్ట్రక్టర్ చెవిలో వేలు పెట్టి తిప్పుకుని, “ఆ అరిచే అమ్మాయి ఎవరు?” అన్నాడు. ఆ గొంతు ఆయనకి ఫోన్లో పరిచయమే, గుర్తుపట్టినట్టున్నాడు.

“మా చెల్లెలు సార్.”

“బరువెంత ఉంటుంది?”

అక్క నన్ను ఒకసారి కొలిచి చూసింది. “ఇసుక కంటే ఎక్కువే సార్. పరవాలేదు. మోస్తాను.”

వద్దన్నాను. నీ కాలింకా మానుతోంది, వాళ్లు బొమ్మ కుట్టుకునే దాకా ఆగుదాం అన్నాను. బూటు కాలు కింద మోపదు కదా, ఇంకేం అన్నాడు ఇన్‌స్ట్రక్టర్. అక్క వచ్చి నా ముందు వంగింది. “నోరు మూసుకుని బరువుగా ఉండు” అంది.

ఎత్తి భుజాన వేసుకుంది. లోకం తలకిందులైంది. నాకు కనపడింది అక్క కాళ్లే. పట్టీ చుట్టిన కుడి చీలమండ, చుట్టని ఎడమ చీలమండ, ఇవతలా అవతలా, ఇంత దగ్గరగా. తెర అక్కర్లేదు, జెల్ అక్కర్లేదు. ప్రతి అడుగుకీ నా బరువంతా చర్మం లోపలి ఆ చిన్న లిగమెంట్ మీద పడుతోంది. నేను ఒళ్లు బిగబట్టి తేలికవ్వాలని చూశాను. అలా అవదని తెలుసు.

మధ్యలో రాయి అడ్డొచ్చింది. కుడికాలు బయటికి ఒరిగింది. అదే వైపు. నేను కళ్లు మూసుకోలేదు, మూసుకోవాలని కూడా తోచలేదు. చీలమండ ఒక క్షణం అలా వాలి, వెనక్కొచ్చింది. పట్టుకుంది. అక్క అడుగు మార్చుకుని నడిచింది.

గీత దాటింది. విజిల్ వినపడింది. చప్పట్లు వినపడ్డాయి. ఇన్‌స్ట్రక్టర్ బూట్లు మా దగ్గరికొచ్చి ఆగాయి.

“అయిపోయిందమ్మా, పాసయ్యావు. ఇక దించెయ్.”

“కాసేపుండనివ్వండి సార్” అంది అక్క, రొప్పుతూనే. “దించితే మొదలెడుతుంది.”

నేనేం మాట్లాడలేదు. నా నుదురంతా తడిసింది. తలకిందులుగా ఉన్నాను కదా, అక్క చెమట కారినట్టుంది. ఏం కాలేదు.